గోధుమలోని గ్లూటెన్ కడుపులో ఏం చేస్తుంది? జొన్నలు, చిరుధాన్యాలు అమ్మే రైతుకు ఎందుకు తెలియాలి?



పోయిన చలికాలం నాకు ఎదురైన ఒక సంగతితో మొదలుపెడతాను. శంషాబాద్‌లో బెంగళూరు రోడ్డు పక్కన ఆదివారం పూట మేం కొంతమంది రైతులం కలిసి కూరగాయలు, బియ్యం, పప్పులు, జొన్న పిండి పెట్టుకుని అమ్ముకుంటాం. ఒకామె ఎనిమిదేళ్ల పాపను వెంటబెట్టుకుని వచ్చింది. జొన్న పిండి ప్యాకెట్ చేతిలోకి తీసుకుని, "అన్నా, ఇది గ్లూటెన్ ఫ్రీ యేనా?" అని అడిగింది.

నేను ఆలోచించకుండా, "జొన్నలే కదా చెల్లె, నూటికి నూరు శాతం గ్లూటెన్ ఫ్రీ. మందు కొట్టలేదు, యూరియా వేయలేదు, అంతా ఘనజీవామృతం మీద పండించిందే" అన్నాను.

"అది సరే అన్నా, పిండి ఎక్కడ పట్టించారు?" అని అడిగిందామె.

అక్కడ నా నోరు ఆగిపోయింది. ఆ పిండి పట్టించింది ఊళ్లో గిర్నిలో. నాకంటే ముందు ఎవరో రెండు డబ్బాల గోధుమలు పట్టించుకుని పోయారు. గిర్ని ఆయన తొట్టిలో రెండు గుప్పెళ్ల జొన్నలు పోసి తిప్పి, ఇక మీవి పోయండి అన్నాడు. నేను పోశాను. ఆ పిండినే ప్యాకెట్లు కట్టి తెచ్చాను.

ఉన్న సంగతి చెప్పాను. అప్పుడు ఆమె తన పాప గురించి చెప్పింది. రెండేళ్ల పాటు పాపకు రక్తం తక్కువే. ఐరన్ టానిక్‌లు తాగించినా ఎక్కలేదు. తోటి పిల్లల కంటే పొట్టిగా ఉండిపోయింది. తిన్నాక కడుపు ఉబ్బరం, విరోచనాలు. నులిపురుగులని కొన్నాళ్లు, సరిగ్గా తినదని కొన్నాళ్లు మందులు వాడారు. చివరికి రక్త పరీక్ష, ఎండోస్కోపీ చేసి సీలియాక్ జబ్బు అని తేల్చారు. గోధుమ పిండి కొంచెం తగిలినా ఆ పాపకు పడదు.

ఆ రోజు నాకు అర్థమైంది ఏంటంటే, మందులు లేకుండా పండించడం ఒక నిజాయితీ అయితే, మనం అమ్మేది ఎవరి కడుపులోకి పోతుందో తెలుసుకుని చెప్పడం ఇంకో నిజాయితీ. అందుకే ఈ విషయం మీద తెలిసినవాళ్లను అడిగి, చదివి, వీడియోలో మాట్లాడాను. వీడియోలో తొందరగా చెప్పినవాటిని ఇక్కడ నిదానంగా రాస్తున్నాను.

గ్లూటెన్ అంటే ఏంటి? మీ వంటింట్లోనే చూడండి

గోధుమ పిండిని చపాతీకి కలిపినట్టు గట్టిగా కలిపి, అరగంట నాననివ్వండి. తర్వాత ఆ ముద్దను ఒక గిన్నె నీళ్లలో పెట్టి మెల్లగా పిసకండి. నీళ్లు పాలలాగా తెల్లగా అవుతాయి. అది పిండిపదార్థం. నీళ్లు మారుస్తూ పిసుకుతూ పోతే చివరికి చేతిలో రబ్బరులాగా సాగే ఒక ముద్ద మిగులుతుంది. అదే గ్లూటెన్.

ఇందులో ముఖ్యంగా రెండు రకాల ప్రోటీన్లు ఉంటాయి. గ్లయాడిన్ సాగే గుణం ఇస్తుంది, గ్లూటెనిన్ పట్టు ఇస్తుంది. గోధుమలో ఉన్న మొత్తం ప్రోటీన్‌లో ఎక్కువ వాటా ఈ రెండింటిదే. చపాతీ పల్చగా సాగడానికి, బ్రెడ్డు పొంగడానికి, పరోటా పొరలు రావడానికి కారణం ఇదే. బార్లీలో, రై అనే ధాన్యంలో కూడా దీనికి చుట్టాల్లాంటి ప్రోటీన్లు ఉంటాయి.

ఇప్పుడు జొన్న పిండిని అలాగే నీళ్లలో పిసికి చూడండి. చేతిలో రబ్బరు ముద్ద ఏమీ మిగలదు. జొన్నలో ప్రోటీన్ ఉంది కానీ అది వేరే జాతిది, దాని పేరు కాఫిరిన్. సాగదు. అందుకే మన ఇళ్లలో జొన్నరొట్టెకు మరిగే నీళ్లు పోసి పిండి కలుపుతారు. వేడికి పిండిపదార్థం ఉడికి జిగురెక్కి, గ్లూటెన్ చేయాల్సిన పని కొంత అది చేస్తుంది. అయినా అంచులు పగులుతూనే ఉంటాయి. రొట్టె అంచు పగలడం అంటే అందులో గ్లూటెన్ లేదని గింజే చెబుతున్నట్టు. సజ్జలు, రాగులు (మన తైదలు), కొర్రలు, సామలు, వరి, మక్క, వీటన్నిటిలోనూ గ్లూటెన్ ఉండదు.

కడుపులోకి పోయాక ఏం జరుగుతుంది?

ప్రోటీన్ అంటే పూసల దండ లాంటిది అనుకోండి. మనం తిన్న పప్పు, గుడ్డు, పాలలోని దండలను కడుపులోని ఎంజైములు కత్తెరలాగా కత్తిరించి, పూసలు విడదీస్తాయి. విడి పూసలు పేగు గోడ గుండా రక్తంలో కలుస్తాయి. అరుగుదల అంటే అదే.

గ్లూటెన్ దండలో ప్రోలిన్, గ్లూటమిన్ అనే రెండు రకాల పూసలు చాలా ఎక్కువ. ప్రోలిన్ ఉన్న చోట మన కత్తెర సరిగ్గా తెగదు. అందుకని కొన్ని పెద్ద ముక్కలు అరగకుండా అలాగే చిన్న పేగులోకి దిగుతాయి. 2002లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చైతన్ ఖోస్లా బృందం ఇలా తెగకుండా మిగిలే 33 పూసల ముక్కను గుర్తించింది. ఆయన ఐఐటీ బొంబాయిలో చదువుకున్న మన దేశపు శాస్త్రవేత్తే.

ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఈ ముక్కలు గోధుమ తిన్న అందరి పేగుల్లోనూ మిగులుతాయి. చాలామందికి ఏమీ కాదు. కొన్ని విసర్జనలో పోతాయి. కథ అడ్డం తిరిగేది కొందరి విషయంలోనే.

మన పేగు గోడ వెనకాల రోగనిరోధక వ్యవస్థ కాపలా కాస్తూ ఉంటుంది. లోపలికి వచ్చింది అన్నమా, శత్రువా అని చూడడం దాని పని. తల్లిదండ్రుల నుంచి వచ్చే జన్యువుల్లో డీక్యూ2, డీక్యూ8 అనే రెండు రకాలు ఉన్నాయి. ఇవి ఉన్నవాళ్ల కణాల మీద గ్లూటెన్ ముక్కలు అతికినట్టు కూర్చుంటాయి. దానికి తోడు పేగులోనే ఉండే ట్రాన్స్‌గ్లూటమినేజ్ అనే ఎంజైము ఆ ముక్కలను కొద్దిగా మార్చి, ఇంకా గట్టిగా అతుక్కునేలా చేస్తుంది. కాపలా కణాలు ఆ ముక్కను శత్రువుగా గుర్తిస్తాయి. యుద్ధం మొదలవుతుంది. గ్లూటెన్ మీదనే కాదు, తన సొంత ఎంజైము మీద కూడా శరీరం యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. చేనుకు కాపలా పెట్టిన కుక్క యజమానినే కరిచినట్టు అన్నమాట. ఇదే సీలియాక్ జబ్బు.

ఈ యుద్ధంలో దెబ్బతినేది పేగు గోడ. ఆరోగ్యంగా ఉన్న చిన్న పేగు లోపల మఖమల్ గుడ్డ మీద నూగులాగా లక్షల కొద్దీ చిన్న చిన్న వేళ్లు ఉంటాయి. పోషకాలను పీల్చుకునేది అవే. చెట్టుకు పీచువేర్లు ఎలాగో పేగుకు ఇవి అలాగ. సీలియాక్‌లో ఈ వేళ్లు అరిగి చదునైపోతాయి. పీచువేర్లు చచ్చిపోయిన చెట్టుకు ఎంత ఎరువు వేస్తే ఏం లాభం? ఆ పాపకు ఐరన్ టానిక్ ఎక్కకపోవడానికి కారణం అదే. ఐరన్‌ను పీల్చుకునేది చిన్న పేగు మొదటి భాగం. సీలియాక్ ముందుగా, ఎక్కువగా దెబ్బతీసేదీ ఆ భాగాన్నే. కాల్షియం, ఫోలిక్ ఆమ్లం కూడా సరిగ్గా అందవు. ఎముకలు బలహీనపడతాయి, పిల్లలు ఎదగరు.

గోధుమకు, ఈ జబ్బుకు సంబంధం ఉందని నిరూపించింది నెదర్లాండ్స్‌కు చెందిన విల్లెం డికె అనే పిల్లల డాక్టరు. ఆయనకు అంతకుముందే అనుమానం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45 చలికాలంలో ఆ దేశంలో కరువొచ్చి బ్రెడ్డు దొరకలేదు. ఊరంతా ఆకలితో చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం కుదుటపడ్డారు. బ్రెడ్డు తిరిగి రాగానే మళ్లీ జబ్బు పడ్డారు. 1950లో ఆయన దీన్ని పరిశోధన గ్రంథంగా రాశారు.

ఇది ఉత్తరాది జబ్బా? మన లెక్క ఏంటి?

"చపాతీలు తినే ఉత్తరాదివాళ్లకు వస్తుంది, మనకు రాదు" అనే మాట వింటుంటాం. పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు.

మన దేశంలో ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతాల్లో 23 వేలకు పైగా పెద్దవాళ్లకు రక్త పరీక్షలు చేసిన ఒక పెద్ద అధ్యయనం 2016లో వచ్చింది. దక్షిణాన వేలూరు ప్రాంతంలో చేశారు. సీలియాక్ యాంటీబాడీలు ఉత్తరాదిలో నూటికి 1.23 మందిలో, ఈశాన్యంలో 0.87 మందిలో కనిపించాయి. దక్షిణాన 0.10 మాత్రమే. అంటే ఉత్తరాన వెయ్యి మందిలో 12 మందికి, ఇక్కడ ఒకరికి.

అసలు ఆలోచించాల్సిన అంకెలు వేరే ఉన్నాయి. ఈ జబ్బుకు అవకాశమిచ్చే ఆ జన్యువులు ఉత్తరాన సుమారు 38 శాతం మందిలో ఉంటే, దక్షిణాన సుమారు 36 శాతం మందిలో ఉన్నాయి. దాదాపు సమానం. తేడా ఉన్నది కంచంలో. ఉత్తరాదిలో సగటున రోజుకు 455 గ్రాముల గోధుమ తింటుంటే, దక్షిణాదిలో 25 గ్రాములు.

విత్తనం రెండు చోట్లా ఉంది, ఒకచోట నీళ్లు తగిలాయి, ఇంకోచోట తగల్లేదు అనిపిస్తుంది కదా. కానీ తొందరపడొద్దు. ఈశాన్యంలో తినే గోధుమ 37 గ్రాములే, అయినా అక్కడ జబ్బు లక్షణం ఎక్కువగానే కనిపించింది. కాబట్టి గోధుమ ఎంత తింటున్నాం అనేదొక్కటే కారణం కాదు. పేగులోని సూక్ష్మజీవులు, చిన్నప్పటి ఇన్ఫెక్షన్లు, ఇంకా వేరే జన్యువులు కూడా ఇందులో ఉన్నాయి. ఆ జన్యువులు ఉన్నవాళ్లలో కూడా జబ్బు వచ్చేది నూటికి ముగ్గురు నలుగురికే.

అయినా మన కంచం మారుతోందన్నది మాత్రం కళ్ల ముందే ఉంది. 2008 మార్చిలో ఇక్కడ విమానాశ్రయం మొదలైంది. అంతకుముందు మా వైపు ఇళ్లలో రాత్రికి జొన్నరొట్టెనో, అన్నమో. ఇప్పుడు పొద్దున బ్రెడ్డు, చాయ్‌లోకి ఉస్మానియా బిస్కెట్, పిల్లలకు నూడుల్స్, సాయంత్రం రోడ్డు పక్కన పరోటా. షుగర్ వచ్చిన పెద్దవాళ్లు అన్నం మానేసి రెండు పూటలా చపాతీ. ఒకప్పుడు రోజుకు ఒక చపాతీ ఎత్తు కూడా లేని ఇంట్లో ఇప్పుడు మూడు పూటలా గోధుమే. ఇక దక్షిణాదిలో ఈ జబ్బు అరుదు అనే మాట వల్ల జరుగుతున్న నష్టం ఏంటంటే, ఉన్నవాళ్లకు కూడా ఆలస్యంగా తెలుస్తోంది. ఆ పాపకు రెండేళ్లు పట్టింది అందుకే.

"గోధుమ పడదు" అంటే అన్నీ ఒకటి కాదు

మొదటిది సీలియాక్. పైన చెప్పుకున్నాం. జీవితాంతం ఉంటుంది. గోధుమ, బార్లీ, రై పూర్తిగా మానడమే వైద్యం. మానితే పేగులోని వేళ్లు నెలల్లో, కొందరికి ఏళ్లలో తిరిగి మొలుస్తాయి.

రెండోది గోధుమ అలర్జీ. తిన్న నిమిషాల్లో, గంటల్లో దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం రావచ్చు. ఇది ఇంకో రకం రోగనిరోధక చర్య. కొందరికి గోధుమ తిని వెంటనే గట్టి పని చేస్తేనో, పరుగెత్తితేనో ప్రాణం మీదికి వస్తుంది. బేకరీల్లో, గిర్నిల్లో ఏళ్ల తరబడి పిండి దుమ్ము పీల్చేవాళ్లకు వచ్చే ఆస్తమా కూడా ఈ కోవలోదే. గిర్ని నడిపేవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మంచిది.

మూడోది, పరీక్షల్లో ఈ రెండూ లేవని తేలినా గోధుమ తింటే కడుపు ఉబ్బరం, నొప్పి, నీరసం అనేవాళ్లు. వీళ్ల బాధ నిజమే. కానీ కారణం గ్లూటెనే అని చెప్పలేం. నార్వేలో 59 మందితో చేసిన పరీక్ష 2018లో వచ్చింది. ఏది తింటున్నారో వాళ్లకు తెలియకుండా ఇచ్చి చూస్తే, గ్లూటెన్ కంటే ఫ్రక్టాన్ వల్ల ఎక్కువ ఇబ్బంది కనిపించింది. ఫ్రక్టాన్ అంటే గోధుమలో ఉండే ఒక రకం పిండిపదార్థం. ఉల్లిగడ్డలో, ఎల్లిపాయలో కూడా ఉంటుంది. ఇంకొకటి, గోధుమ తనను పురుగుల నుంచి కాపాడుకోవడానికి గింజలో దాచుకునే ఏటీఐ అనే చిన్న ప్రోటీన్లు. ఇవి పేగులోని కాపలా కణాలను నేరుగా రెచ్చగొట్టగలవని ప్రయోగశాలల్లో చూశారు. ఇది గ్లూటెన్ కాదు, ఇంకో ప్రోటీన్.

మన రంగంలో తిరిగే మూడు మాటలు

ఒకటి: "గోధుమ అందరి పేగులకూ చిల్లులు పెడుతుంది." గ్లయాడిన్ తగిలినప్పుడు జోనులిన్ అనే పదార్థం విడుదలై, పేగు కణాల మధ్య అతుకులు కాస్త వదులవుతాయని అమెరికాలో అలెసియో ఫసానో బృందం చూపించింది. సీలియాక్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువసేపు, ఎక్కువగా ఉంటుంది. దాన్ని పట్టుకుని కీళ్లనొప్పుల నుంచి మతిమరుపు దాకా అన్నిటికీ గోధుమే కారణం, అందరూ మానేయాలి అనడానికి మాత్రం రుజువు లేదు. గోధుమ పడేవాళ్లకు అది అన్నమే. మన జొన్నలు అమ్ముకోవడానికి పక్కవాడి పంటను విషం అనాల్సిన పని లేదు. జొన్నకు తన గొప్పతనం తనకుంది.

రెండు: "పాతకాలపు గోధుమలో గ్లూటెన్ లేదు, హైబ్రిడ్‌లు వచ్చాకే వచ్చింది." జర్మనీలో 1891 నుంచి 2010 వరకు వచ్చిన 60 గోధుమ రకాలను పక్కపక్కనే పండించి చూశారు. మొత్తం గ్లూటెన్ పెద్దగా మారలేదు. గ్లయాడిన్ కొంచెం తగ్గింది, గ్లూటెనిన్ కొంచెం పెరిగింది. మారింది మన తిండే. బేకరీ సరుకుల్లో గ్లూటెన్‌ను విడిగా పొడిచేసి కలపడం కూడా పెరిగింది.

కర్ణాటక, మహారాష్ట్రల్లో పండే ఖప్లీ గోధుమ గురించి చాలామంది అడుగుతున్నారు. మామూలు గోధుమలో మూడు జన్యు సమూహాలు ఉంటాయి, ఖప్లీలో రెండే. ముందు చెప్పిన 33 పూసల ముక్క మూడో సమూహం నుంచి వచ్చేది, కాబట్టి ఖప్లీలో అది ఉండదు. వినడానికి బాగుంది. కానీ రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టే ముక్కలు ఇంకా చాలా ఉన్నాయి, అవి ఖప్లీలోనూ ఉన్నాయి. రుచికి, పీచుకు ఖప్లీ మంచిదే. సీలియాక్ ఉన్నవాళ్లకు మాత్రం ఖప్లీ, బన్సీ, ఏ దేశీ గోధుమా పనికిరాదు. దయచేసి "దేశీ గోధుమ, ఏం కాదు" అని ఎవరికీ అమ్మకండి.

మూడు: "ప్రకృతి వ్యవసాయంలో పండిన గోధుమ అయితే పడుతుంది." నత్రజని ఎక్కువ వేస్తే గింజలో ప్రోటీన్, అందులో గ్లయాడిన్ పెరుగుతాయన్నది నిజం. అలా చూస్తే మన గోధుమలో కొంచెం తక్కువ ఉండొచ్చు. కానీ ఆ కొంచెం తేడా సీలియాక్ ఉన్నవాళ్లను కాపాడదు. గ్లూటెన్ మందు కాదు, ఎరువు కాదు, కడిగితే పోవడానికి. అది గింజ స్వభావం.

అనుమానం ఉంటే ముందు గోధుమ మానకండి

చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. వీడియో చూసి గోధుమ మానేస్తారు, నెలలు గడిచాక పరీక్షకు పోతారు. అప్పటికి రక్తంలో యాంటీబాడీలు తగ్గి, పేగు మానడం మొదలై, జబ్బు ఉన్నా లేదని రావచ్చు. గోధుమ తింటూ ఉన్నప్పుడే పరీక్ష చేయించుకోవాలి.

మొదట టీటీజీ ఐజీఏ అనే రక్త పరీక్ష, దాంతోపాటు మొత్తం ఐజీఏ చూస్తారు. అందులో అనుమానం వస్తే పెద్దవాళ్లకు సాధారణంగా ఎండోస్కోపీతో చిన్న పేగు ముక్క తీసి చూస్తారు. మందులు వాడినా తగ్గని రక్తహీనత, ఎదగని పిల్లలు, వారాల తరబడి విరోచనాలు, ఊరికే తిరగబెట్టే నోటిపూత, చిన్న వయసులోనే ఇన్సులిన్ షుగర్, ఇంట్లో తల్లికో, అన్నకో ఇదే జబ్బు, ఇవి ఉంటే పేగు డాక్టరును అడగండి. సీలియాక్ ఉన్నవాళ్ల తోబుట్టువుల్లో, పిల్లల్లో దాదాపు పదిమందిలో ఒకరికి ఉండే అవకాశం ఉంది.

జబ్బు తేలినవాళ్లు మన వంటింట్లో గోధుమ దాక్కునే చోట్లు తెలుసుకోవాలి. బొంబాయి రవ్వ, సేమ్యా, మైదా అందరికీ తెలుసు. పొడి ఇంగువలో చాలా రకాలకు గోధుమ పిండి కలుపుతారని తెలిసేది తక్కువమందికి. అంటే పులిహోరలో, చారులో కూడా గోధుమ చేరవచ్చు. హలీమ్‌లో గోధుమ రవ్వ ఉంటుంది. అన్నవరం ప్రసాదం గోధుమ రవ్వతో చేసేదే. సోయా సాస్‌లో ఉంటుంది. మల్టీగ్రెయిన్ అని అమ్మే పిండిలో చాలాసార్లు ముందు ఉండేది గోధుమే, చిరుధాన్యాలు పిడికెడు.

ఇక మన వంతు: కిలోకు అయిదు గింజల లెక్క

మన దేశపు ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలో సరుకులో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదు. అది ఎంతో మన లెక్కలో చూద్దాం. ఒక గోధుమ గింజ బరువు సుమారు 40 మిల్లీగ్రాములు. అందులో పదో వంతు గ్లూటెన్ అనుకుంటే 4 మిల్లీగ్రాములు. అంటే కిలో జొన్నల్లో అయిదు గోధుమ గింజలు పడితే ఆ హద్దుకు చేరినట్టే. పిండిలో అయితే గోధుమ పిండి చిటికెడు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు నా గిర్ని సంగతి ఆలోచించండి. రాళ్ల సందుల్లో, తొట్టి మూలల్లో, పిండి జారే గుడ్డ గొట్టంలో ఎంత గోధుమ పిండి ఉండిపోతుంది? రెండు గుప్పెళ్ల జొన్నలు తిప్పితే పోతుందా? దక్షిణాది మార్కెట్లలో కొన్న, సహజంగా గ్లూటెన్ లేని ధాన్యాల సరుకులను పరీక్షించినప్పుడు కొన్నిటిలో ఈ హద్దు దాటిందని తేలింది. గింజ తప్పు కాదు, దారిలో కలిసిందే.

అందుకని మేం ఇప్పుడు చేస్తున్నవి ఇవి:

- నూర్పిడి: గోధుమ, బార్లీ నూర్చిన యంత్రం వస్తే ముందు పూర్తిగా ఊడ్పించి, గాలి కొట్టించి, మొదటి బస్తా జొన్నలు విడిగా పశువుల దాణాకు పెడుతున్నాం.
- సంచులు: కిరాణా దుకాణాల నుంచి తెచ్చే పాత సంచుల్లో ఎక్కువ గోధుమ పిండివే. వాటిని మానేశాం. కొత్త సంచులే.
- చాట, జల్లెడ, డబ్బాలు: చిరుధాన్యాలకు విడిగా పెట్టి, రంగు గుర్తు వేశాం.
- గిర్ని: నలుగురు రైతులం కలిసి ఒక చిన్న పిండి మర కొన్నాం. అందులో గోధుమలు పోయడం లేదు, ఎవరు అడిగినా సరే. ఇది కుదరనివాళ్లు పిండి కాకుండా గింజలే అమ్మడం మేలు.
- లేబుల్: ప్రయోగశాలలో ఎలీసా పరీక్ష చేయించనిదే గ్లూటెన్ ఫ్రీ అని రాయం. "జొన్న పిండి. గోధుమలు పోయని మరలో పట్టించినది. గ్లూటెన్ పరీక్ష చేయించలేదు" అని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాం. ఊరి గిర్నిలో పట్టిస్తే ఆ మాట కూడా రాయండి.

శుద్ధి, ప్యాకింగ్ గురించి నేర్చుకోవాలనుకునేవాళ్లకు మన పక్కనే రాజేంద్రనగర్‌లో భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది. అక్కడి న్యూట్రిహబ్ విభాగం చిరుధాన్యాల వ్యాపారం మొదలుపెట్టేవాళ్లకు సాయం చేస్తుంది.

ఒక మాట జొన్న గురించి కూడా. ఇటలీలో సీలియాక్ ఉన్నవాళ్లకు జొన్నతో చేసిన వంటకాలు పెట్టి చూసి, వాళ్లకు పడుతుందని 2007లోనే రాశారు. మన పెద్దవాళ్లు రోజూ తిన్నదే ఇది. అయితే జొన్న ప్రోటీన్ వండాక కాస్త తక్కువ అరుగుతుంది, లైసిన్ అనే పూస అందులో తక్కువ. అందుకే జొన్నరొట్టెకు పక్కన పప్పు ఉండాలి. పప్పులో లైసిన్ దండిగా ఉంటుంది. రొట్టె, పప్పు, ఆకుకూర కలిపి తిన్న మన పాత కంచం ఊరికే పుట్టలేదు.

ఇంతకీ ఆ రోజు ఆ తల్లికి ఏం ఇచ్చానో చెప్పలేదు కదా. పిండి ప్యాకెట్ వెనక్కి తీసుకున్నాను. "గింజలు ఉన్నాయా అన్నా? ఇంట్లో ఏరుకుని నేనే పట్టించుకుంటా" అంది. అయిదు కిలోల జొన్నలు కొలిచి, కొత్త సంచిలో పోసి ఇచ్చాను. ఇప్పటికీ నెలకోసారి వస్తుంది. ఈ మధ్య మా మరలో పట్టించిన పిండి చూపించి తీసుకుంటావా చెల్లె అంటే, "పరీక్ష చేయించినంక తీసుకుంటా అన్నా" అంది. ఆమె మాట న్యాయమే. ఈ నెల ఒక నమూనా ప్రయోగశాలకు పంపుతున్నాం. ఫలితం ఏదొచ్చినా వచ్చే వీడియోలో చూపిస్తాం.